కంట్లో పువ్వు

వరి కోతలు మొదలైతే సాలూరులో నా దగ్గరికి ఎర్రబడ్డ కళ్ళు వరసగా వస్తాయి. కంకి గీరుకుందనీ, ఆకు తగిలిందనీ చెబుతారు. లారీ షెడ్ల నుంచి వచ్చే కుర్రాళ్ళకు కంట్లో ఇనుప రవ్వ ఉంటుంది, తీసేస్తే చాలావరకు తేరుకుంటారు. కంకి గీరిన కన్నే నన్ను భయపెడుతుంది, ఆ గీతలో ఫంగస్ చేరుతుంది కాబట్టి. తొలి రోజుల్లోనే నాటమైసిన్ చుక్కలు పడితే చాలా కళ్ళు నిలుస్తాయి. పాచిపెంట కొండల మీంచి దిగేవాళ్ళు అప్పటికే ఆకు పసరో, ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలో వేసుకుని ఉంటారు. స్టెరాయిడ్‌తో ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ బలుస్తుంది. నల్లగుడ్డు మీద అర మిల్లీమీటరు మందం ఉండే పారదర్శకమైన పొర, కార్నియా, కరిగి చిల్లు పడుతుంది. మానినా తెల్లటి పువ్వు మిగులుతుంది.

అలా చిల్లు పడిన కంటితో ఒక కూలీ వచ్చాడు. దానం చేసిన కార్నియా వేయించమని విశాఖకు కాగితం రాస్తుంటే అతని కొడుకు అడిగాడు: "హైదరాబాదులో కన్ను మిషన్లో అచ్చేస్తన్నారట కదా బాబూ, ఇంక సచ్చిపోనోళ్ళ కళ్ళతో పనేటి?"

అతను విన్నది నిజమే. 2022 ఆగస్టులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ముద్రణతో కార్నియా తయారుచేసి కుందేలు కంట్లో అమర్చాయి. డాక్టర్ సయన్ బసు, డాక్టర్ వివేక్ సింగ్ ఆ పనికి ముందున్నారు. 2018లోనే ఇంగ్లండులో న్యూకాజిల్ శాస్త్రవేత్తలు ఆల్జినేట్, కొలాజెన్, మూలకణాలు కలిపి కార్నియాను ముద్రించారు. మనవాళ్ళ సిరా వేరు. దానం చేసిన కార్నియాలోంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన అల్లికను జెల్‌గా మార్చి, మనిషి కంటి మూలకణాలు కలిపి పొరపొరగా పరిచారు. ఆ సిరా పుట్టింది మనిషి కంటిలోంచే. మార్పిడికి పనికిరాని దాన కళ్ళు కూడా అందులో పనికొస్తాయి.

నాకు కార్నియా కంటే ఆ జెల్ మీదే ఆశ ఎక్కువ. పెద్ద కంటి ఆసుపత్రి లేని మారుమూల చోట, గాయమైన చోటే చిల్లును పూడ్చి ఇన్‌ఫెక్షన్‌ను ఆపడానికి అది పనికొస్తుందని పరిశోధకులు చెప్పారు. సాలూరు నుంచి విశాఖ నూరు కిలోమీటర్లకు పైనే. ఆ కూలీ కంటికి కట్టు కట్టి బస్సెక్కించడం తప్ప నా చేతిలో ఏమీ లేకపోయింది. అలాంటి జెల్ మా ఫ్రిజ్‌లో ఉండే రోజు నేను ప్రాక్టీసు మానేలోగా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

కొడుకుతో ఇదంతా చెప్పాను. "అయితే మా ముసిల్దాని కళ్ళూ పనికొస్తాయేటి?" అన్నాడు. వయసు అడ్డు కాదు, శుక్లాల ఆపరేషనైనా ఫర్వాలేదు అన్నాను. ప్రాణం పోగానే ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడిదూది పెట్టి కబురు చేయండి, ఆరు గంటల్లోపు తీసుకోవాలి అని ఆ కాగితం వెనకే రాసిచ్చాను.