రామాలయం మెట్లమీద డోలు

"ఫిజిక్సు వాళ్ళెవరూ ఏమీ ఇవ్వలేదు, ఒక వ్యాసం పడెయ్యవోయ్" అని మన సంచిక సంపాదకుడు హాస్టలు గదికొచ్చి కూర్చున్నాడు. కవిత్వం నా వల్ల కాదు. నాకొచ్చిందల్లా డోలు, దాని తర్వాత కాస్త లినక్సు. ఆ రెండింటికీ సఖ్యత కుదర్చడానికి నేను పడ్డ అవస్థే రాస్తున్నాను. కంప్యూటరు గొడవ పడనివారు మధ్యలో ఒకటి రెండు పేరాలు దాటేసినా నాకేం కోపం రాదు.

మాది మేళం ఇల్లు. నాన్నది సన్నాయి, నాది డోలు. 2024 ఆగస్టులో నాన్నకి ముందుపళ్ళు రెండు కదలడం మొదలెట్టాయి. తీయించెయ్యాలన్నాడు డాక్టరు. మామూలు మనిషికి పళ్ళు పోతే గారెలు తినడం కష్టం, అంతే. సన్నాయి ఊదేవాడికి అలా కాదు. పీకని పెదవులతో బిగించి పడితే, ఆ పెదవులకి వెనక ఆనిక పళ్ళే. కట్టుడుపళ్ళతో ఆ పట్టు మళ్ళీ కుదురుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. "దసరా వెళ్ళనివ్వండి బాబూ, నవరాత్రులు గుళ్ళో మేళం మాదే" అని గడువడిగి ఇంటికొచ్చేశాడు నాన్న. ఇంటికొచ్చాక ఆ ఊసెత్తలేదు. అమ్మ చెబితే నాకు తెలిసింది.

దసరా వెళ్ళేలోగా నాన్న ఆనందభైరవిని రికార్డు చేసి ఉంచాలన్న పంతం పట్టుకుంది నాకు.

"ఫోన్లో చేసుకోరాదుట్రా?" అన్నారు మిత్రులు. చేశాను. ఫోను మాటలకోసం పుట్టిన యంత్రం. పెద్ద చప్పుడు వస్తే తనంతట తనే గొంతు నొక్కేస్తుంది. డోలు మీద ఒక్కొక్క దెబ్బ పడ్డప్పుడల్లా సన్నాయి నీళ్ళలో మునిగి లేచినట్టు వినిపించింది. అందుకని పాతసామాన్ల దుకాణంలో రెండు మైకులు తగిలించుకునే యు.ఎస్.బి. పెట్టె ఒకటి కొన్నాను. మైకులు కాలేజీ సాంస్కృతిక సంఘం అరువిచ్చింది. ల్యాప్‌టాప్ మా బావ వాడి వదిలేసినది. దానిమీద ఉబుంటు 22.04 వేసుకున్నాను. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేరు కొనే స్తోమతు ఎలాగూ లేదు. అయితే ఇందులో వచ్చిన చిక్కు స్తోమతుది కాదు. ఎంపికది. శబ్దాన్ని మోసుకెళ్ళే దారులు లినక్సులో ఒకటి కాదు, నాలుగు.

అడుగున ఉన్నది ఆల్సా. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి అందులో భాగం. ఇది మా పెరటి బావి గిలకలాంటిది. నేరుగా నీళ్ళు తోడుకోవచ్చు, కాని సాధారణంగా ఒక్కరే తోడాలి. పక్కవాడు చెయ్యి పెడితే "పరికరం ఖాళీ లేదు" అంటుంది. దానిమీద పల్స్ ఆడియో. ఇది నీళ్ళ ట్యాంకు, వీధి కుళాయి. ఎందరైనా పట్టుకోవచ్చు. కాని నీళ్ళు ముందు ట్యాంకెక్కి తర్వాత దిగాలి గనుక ఆలస్యం. సినిమా చూసేవాడికి ఆ ఆలస్యం తెలియనే తెలియదు. మూడోది జాక్. దీన్ని మొదలుపెట్టిన పాల్ డేవిస్ అనే ఆయనే ఆర్డర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు కూడా రాశాడు. ఇందులో ట్యాంకు లేదు, తాళం ఉంది. ప్రతి ఆవృతంలోనూ అన్ని ప్రోగ్రాములూ తమ వంతు పని ముగించి తీరాలి. ఒకటి వెనకబడితే ఆ ముక్క పోయి, చెవిలో 'టప్' మంటుంది. నాలుగోది పైప్‌వైర్, విమ్ టేమన్స్ మొదలుపెట్టినది. పల్స్, జాక్ రెండింటి పనీ తానొక్కతే చేస్తానంటుంది. 1.0 వెర్షన్ 2023 నవంబరులో వచ్చింది. ఉబుంటు 22.10 నుంచి డెస్క్‌టాపు శబ్దమంతా దానిదే. నాది 22.04 కావడంతో నాకు దక్కింది పల్స్.

మొదటి శనివారం ఊరెళ్ళి నాన్నని నడిమింట్లో, నేను వీధి అరుగుమీద కూర్చున్నాం. డోలు మోత సన్నాయి మైకులోకి పోకుండా మధ్య తలుపు వేశాం. ఒకరిది ఒకరికి హెడ్‌ఫోన్లలో వినపడాలి. పల్స్ మీద ఆడాసిటీ పెట్టి మొదలెట్టాం. రెండు ఆవృతాలు తిరక్కుండానే నాన్న ఆపేశాడు. చప్పట్లు కొట్టి చూసుకుంటే అయిదోవంతు సెకను ఆలస్యం! ఆ వారమంతా కుస్తీపట్టి జాక్, ఆర్డర్ వేశాను. సెకనుకి 48,000 నమూనాలు, ఒక విడతకి 1,024, రెండు విడతలు. అంటే 42.7 మిల్లీసెకన్లు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయే కాలం కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

"డోలు రామాలయం మెట్లమీద మోగుతున్నట్టుందిరా" అన్నాడు నాన్న.

లెక్క వేశాను. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. 42.7కి పద్నాలుగున్నర మీటర్లు. మా అరుగుకీ రామాలయం మెట్లకీ మధ్య దూరం దానికి అటూ ఇటూ అంతే! బడికి అయిదో తరగతితో స్వస్తి చెప్పిన మనిషి చెవితో కొలిచి చెప్పాడు. ఎమ్మెస్సీ వెలగబెడుతున్న నేను కాలిక్యులేటరు తీశాను.

అందులో ఇంకో తిరకాసు ఉంది. నాన్న స్వరం నాకు ఆలస్యంగా వస్తుంది. దాన్ని పట్టుకుని నేను వేసిన దెబ్బ ఆయనకి ఇంకా ఆలస్యంగా చేరుతుంది. సరే కదా అని ఆయన నాకోసం ఆగితే, నేను ఆయనకోసం ఆగుతాను. ఇద్దరం మర్యాదపరులమై లయని పాతాళానికి దింపేస్తాం. ఆ పూట అదే జరిగింది.

తర్వాత మూడు వారాలూ ఆ అంకెని తగ్గించడమే నా తపస్సు. 64 నమూనాలకి దింపితే 2.7 మిల్లీసెకన్లు, మీటరు దూరం కూడా లేదు. కాని బావ ల్యాప్‌టాప్ తట్టుకోలేక అప్పడాలు వేయించినట్టు పటపటమంది. నాన్న ఏమీ అనకుండా హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టాడు. 256 దగ్గర 10.7 మిల్లీసెకన్లు. పెళ్ళిపందిట్లో మేము కూర్చునే ఎడం కంటే కాస్త ఎక్కువ, సర్దుకోవచ్చు. కాని పది నిమిషాలకి ఒకసారి 'టప్'. ఒక్కటే కదా అంటారా? ఆ ఒక్కటీ సరిగ్గా గాంధారం ఊగుతున్న చోట పడితే ఏం చెయ్యను? మళ్ళీ ఊదమని అడగడానికి పళ్ళు ఉండొద్దూ!

చివరికి చిక్కు విప్పింది కూడా నాన్నే. "మన చప్పుడు ఆ కంప్యూటర్లోకి పోయి తిరిగి రావడం దేనికిరా? ఈ పెట్టె దగ్గరే వినపడదూ?" అన్నాడు. ఆ పెట్టెకి ముందువైపే ఒక మీట ఉంది. తిప్పితే మైకుల చప్పుడు కంప్యూటరు గడప తొక్కకుండా నేరుగా హెడ్‌ఫోన్లకి వస్తుంది. రెండు నెలలుగా ఆ మీట నా కళ్ళెదుటే ఉంది.

దాంతో నా ఎంపిక తలకిందులైంది. వినడానికి కంప్యూటరు అక్కర్లేనప్పుడు దాని ఆలస్యం ఎంతైతే ఏం? దాని పని రాసుకోవడమే. కాబట్టి తొందరపెట్టకుండా మళ్ళీ 1,024కే పోయాను. పల్స్‌ని ఆ పెట్టెమీద చెయ్యి వెయ్యకుండా ఆపి, జాక్‌ని కూడా పక్కన పెట్టి, ఆర్డర్‌ని సరాసరి ఆల్సాకి తగిలించాను. గిలక ఒకటి, తోడేవాడు ఒకడు. ఇవాళ ఎవరైనా అడిగితే, రోజువారీ పనికి పైప్‌వైర్ చాలంటాను. నాలుగైదు ప్రోగ్రాములు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి శబ్దం పంపుకోవాలన్నా, కీబోర్డు నొక్కితే కంప్యూటరే పలకాలన్నా జాక్ గాని, జాక్ వేషంలో పైప్‌వైర్ గాని ఉండాలి, అంకె తగ్గించక తప్పదు. నాకు కావలసింది అది కాదు. ఇద్దరు మనుషులు ఒక్కసారి వాయిస్తారు, ఒక్క చినుకు కూడా కింద పడకూడదు. అంతే.

2024 అక్టోబరు 13, దసరా మర్నాడు. వైఫై ఆపేశాను. ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపితే జుమ్మనే రొద కూడా పోయింది. నలభై నిమిషాలు ఊదాడు నాన్న. మధ్యలో ఆర్టీసీ బస్సు హారన్ ఒకటి పడింది, ఉండనిచ్చాను.

సాయంత్రం కాఫీ తాగుతూ మొత్తం విన్నాడు. చరణం దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఇక్కడ పరుగెత్తావు."

నా గుండె ఝల్లుమంది. గబగబా తెరమీద చూశాను. రెండు మైకులూ ఒకే పెట్టెలోంచి ఒకేసారి ఎక్కాయి, వాటి మధ్య ఆలస్యానికి ఆస్కారమే లేదు. ఆ మాటే చెప్పాను.

"యంత్రాన్ని ఎవరన్నార్రా? పరుగెత్తింది నువ్వు" అన్నాడు.

మౌస్‌తో ఆ దెబ్బల్ని వెనక్కి జరపడం రెండు నిమిషాల పని. జరపలేదు. గురువారం నాన్నని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.