పాత తుపాకి పలక

పాత ఇనుము కొట్టులో కూర్చుండుట ఉద్యోగ విరమణ తరువాత నాకు అలవడిన వ్యసనమని మా ఇంటివారందురు. నర్సీపట్నములో అటువంటి కొట్టొకటి కలదు. దాని యజమాని ఒకప్పుడు నా వద్ద చదువుకొన్నవాడు. విరిగిన నాగళ్లు, చిల్లులు పడిన బిందెలు, మోటారు భాగములు అచ్చట కుప్పలుగా పడియుండును. ఆ కుప్పలో ఒకనాడు ఐదంగుళములకు కొంచెము మించిన ఇనుప పలక నాకు కనబడెను. దాని ఒక కొన సన్నగా ఉండెను. నడుమ గుండ్రని రంధ్రము, లోపలివైపు గంట్లు గల చిన్న బిళ్ల యొకటి తుప్పులో కూరుకొని యుండెను.

"మాస్టారూ! అది మన అల్లూరి సీతారామరాజుగారి తుపాకిదండీ. మన్యంనుంచి వచ్చిన సరుకులో దొరికింది" అని అతడు పలికెను.

మా ప్రాంతమున ఆ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసి తుపాకులను, తూటాలను గొనిపోయెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే యున్నది. అయితే కొట్టువాని మాటకు వేరొక కారణము కూడ కలదు. పాత వస్తువులు కొనువాడొకడు పట్టణమునుండి వచ్చి, ఇది రాజుగారిదని పెద్దమనిషి యెవరైన వ్రాసి సంతకము చేసినచో ఇరువదివేల రూపాయలిత్తునని చెప్పి పోయెనట. కొట్టువాని కుమార్తె ఆ యేడే ఇంజనీరింగు కళాశాలలో చేరినది. పలకను నా చేతిలో పెట్టి అతడు నా ముఖమువంక చూచెను. అతడేమి కోరుచున్నాడో నాకు తెలిసినది.

మొదట మేమిద్దరము దానిని పోలీసు ఠాణాకు కొనిపోయి చూపితిమి. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము ఆయుధమనగా దాని భాగములును చేరును. విద్యార్థులారా, మీకెన్నడైన ఇటువంటి వస్తువు కనబడినచో చేతబట్టక పెద్దలకు తెలుపుడు. ఠాణాలోనివారు పలకను త్రిప్పి చూచి, నవ్వి పంపివేసిరి.

పిమ్మట దానిని మూడు దినములు కిరసనాయిలులో నాననిచ్చి మెత్తని కుంచెతో రుద్దితిని. కొట్టువాడు ఆకురాయి తెచ్చెను గాని నేను తాకనీయలేదు. ఆకురాయి తుప్పుతోపాటు చరిత్రను కూడ గీకివేయును. పలుచని కాగితమును పలకపై పరచి పెన్సిలుతో రుద్దగా, ఒక కొన కిరీటమును, దాని క్రింద 'వి', 'ఆర్' అను ఆంగ్లాక్షరములును తేలెను. రెండవ కొన 1861 అను సంవత్సరము, దాని క్రింద 'టవర్' అను మాట కనబడెను. అక్షరములు విక్టోరియా రాణివి. టవర్ అనగా లండను నగరములోని ప్రాచీన దుర్గము.

ఇక పలక పని యేమి? తుపాకి కుడి ప్రక్కన దీనిని మరలతో బిగింతురు. మీట నొక్కగానే గంటు విడిపోవును. బలమైన కమాను గుర్రమును ముందునకు విసరును. పూర్వము ఆ గుర్రము చెకుముకి రాతిని పట్టుకొని యుండెడిది. రాయి ఉక్కుకు తగిలి, నిప్పురవ్వలు పళ్లెములోని మందుపై రాలవలెను. వాన కురిసినచో తుపాకి పేలుట కష్టము. తరువాత గుర్రము చిన్న రాగిటోపీని కొట్టుటయు, ఆ దెబ్బకు టోపీలోని మందు అంటుకొనుటయు వచ్చినది. మా పలకకు పళ్లెమునకు తగిన చోటు లేదు. కావున ఇది టోపీ తుపాకిది. దీని ఆకారము 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి పలకతో సరిపోయినది.

ఎన్‌ఫీల్డు అనగానే మా వీధిలోని మిత్రుడొకరు, "అయితే సిపాయిల తిరుగుబాటు నాటిదే!" అనిరి. ఆ తుపాకి తూటాలకు పూసిన కొవ్వును గూర్చి 1857 జనవరిలో డమ్‌డమ్‌లో పుట్టిన వదంతి, మే 10న మీరట్‌లో రగిలిన తిరుగుబాటుకు ఒక కారణమైన మాట నిజమే. కాని 1861లో ముద్ర పడిన పలక 1857లో ఎట్లుండును? ఆ వాదము అంతటితో ముగిసెను.

సీతారామరాజు విషయమంత సులభము కాదు. సంవత్సరపు ముద్ర పుట్టుకను చెప్పునే గాని మరణమును చెప్పదు. తిరుగుబాటు తరువాత భారతీయ సిపాయిలకు, గొట్టము లోపల మెలిక గాడులు లేని తుపాకులను ఇదే రూపముతో చేసి యిచ్చిరి. వానికిని ఇదే పలక. 1866 మొదలు పాత ఎన్‌ఫీల్డులను వెనుకనుండి తూటా పెట్టునట్లు స్నైడరు పద్ధతికి మార్చిరి. అప్పుడును పలక మారలేదు. పలకనుబట్టి ఈ మూడింటిలో ఏదియని చెప్పుటకు వీలు లేదు.

అయితే అంచున వంకర రంధ్రమొకటి కలదు. అది యంత్రము తొలచినది కాదు. లోపలి కమాను సుత్తి దెబ్బలతో సాగగొట్టినది. ఏ పల్లె కమ్మరియో ఈ పాత పలకను నాటు తుపాకికి అమర్చెననుటకు ఇవి నిదర్శనములు. 1922 నాటి పోలీసులవి వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు. ఠాణానుండి తెచ్చిన తుపాకి ఇదియే యని చెప్పు గుర్తు పలకయం దొక్కటియు లేదు.

నేను తెలిసినదంతయు ఒక కాగితముపై వ్రాసి సంతకము చేసి యిచ్చితిని. కొట్టువాడు రెండుసార్లు చదివి, "రాజుగారి పేరు ఒక్క ముక్క రాయరా మాస్టారూ?" అని అడిగెను. వ్రాయలేనంటిని. కొనుటకు వచ్చినవాడు కాగితము చూచి పలకను బల్లపైననే వదలి పోయెను. కొట్టువాడు నాతో రెండు నెలలు మాటలాడలేదు.

తరువాత ఒక ఉదయమున అతడే పలకను గుడ్డలో చుట్టి మా యింటికి తెచ్చెను. తూకము వేసి పదునైదు రూపాయలు తీసికొనెను. ఇప్పుడది మా ఊరి పాఠశాలలోని అద్దాల బీరువాలో ఉన్నది. నా కాగితము దాని ప్రక్కనే అంటించిరి. పిల్లలు వచ్చినప్పుడు ముందుగా ఆ వంకర రంధ్రమునే చూపి, ఇది యెవరు తొలిచిరని అడుగుచుందురు.