అంగీచేయియు, కొంగుముడియు

ఆంగ్లభాష నేర్చుకొను మనవంటివారిని కలవరపెట్టునవి పెద్ద పదములు కావు, చిన్న నానుడులే. గుట్టుగా నవ్వుకొనువాడు అంగీచేతిలో నవ్వెనని ఆంగ్లేయులందురు. ఉపాయమును దాచియుంచినవాని అంగీచేతిలో నేదియో యున్నదందురు. మనసులోని దెల్ల బయటపెట్టువాడు హృదయమును అంగీచేతిపై ధరించెనందురు. మన బిగుతైన చొక్కాచేతిలో నవ్వు పట్టునా? ఉపాయము దాగునా? ఈ సందేహము నన్ను చాలకాలము వెన్నాడినది.

ఇంగ్లండు దేశపు పూర్వవేషములను గూర్చి చదివిన పిమ్మట నది తీరినది. 14వ శతాబ్దము చివరను, 15వ శతాబ్దమునను అచ్చటి సంపన్నుల నిలువుటంగీలకు చేతులు మిక్కిలి వెడల్పుగా నుండి, కొన్ని నేలవఱకు వ్రేలాడుచుండెడివి. అంగీలకు జేబులు కుట్టుట 17వ శతాబ్దమున గాని వాడుకలోనికి రాలేదు. అంతకు మునుపు నడుమున గట్టిన సంచి యొకటి, ఈ వెడల్పు చేతులొకటి చిన్న వస్తువులకు దాపు. ముఖమున కడ్డము పెట్టుకొన్నచో నవ్వును దాగును.

కొన్ని అంగీచేతులు వేరుగా నూడదీసి మరల త్రాళ్లతో గట్టుకొనునట్టివి. 1485లో కాక్స్టన్ అచ్చువేసిన మాలొరీ గ్రంథమున లాన్సెలాట్ అను వీరుడు తన్నెవరును గుర్తింపకుండుటకై, ఎలేన్ అను కన్య యొసగిన ఎఱ్ఱని అంగీచేతిని శిరస్త్రాణముపై ధరించి పోరునకు దిగెను. హృదయమును అంగీచేతిపై ధరించుట యను మాటను షేక్స్పియరు "ఒథెల్లో" నాటకమున ఇయాగో నోట బలికించెను. తన మనసును దాచుటయే వృత్తిగా గల కపటి వాడు!

మన నానుడులును ఇట్లే బట్టలలో బుట్టినవి. మా నాయనమ్మకు జేబు లేదు, కొంగు గలదు. డబ్బులను, తాళపుచెవిని కొంగున ముడివేసి నడుమున దోపుకొనెడిది. కావున "కొంగుబంగారము" అను మాట కర్థమును నా కెవరును చెప్పనక్కర లేకపోయినది. మొన్న మా తమ్ముడు ఆ మాటకు "జరీ అంచు గల కొంగు" అని యర్థము చెప్పెను. ఇంటనందఱు నవ్విరి, నాకు మాత్రము దిగులు కలిగినది. వాడు కొంగుముడిని చూచి యెఱుగడు.

ఆంగ్లేయుల ఆ వెడల్పు అంగీచేతులు పోయి యయిదువందల యేండ్లైనది. వాని సంగతి తెలియవలెనన్న గ్రంథములు వెదుకవలెను. కొంగుముడి నెఱిగినవారో, యింకను మన యిండ్లలోనే యున్నారు. సోదరులారా, ఈ సెలవులలో వారిచెంత గూర్చుండి యడుగుదము.