ఎర్ర చుక్క

తెనాలిలో లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేసి వెళ్లిన సాయంత్రం, హైదరాబాద్‌లో ఉన్న కూతురికి ఫోనొచ్చింది. 'బిల్లు కట్టానే అమ్మాయ్! చుక్క కూడా పడిందిగా' అన్నారు తండ్రి. రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరికీ పైసా బాకీ ఉంచే మనిషి కాదు.

బిల్లులు కట్టే ఆ వెబ్‌సైటు పేజీలను తీర్చిదిద్దింది ఆ కూతురి బృందమే. నెల పేరు, పక్కన సొమ్ము, చివర ఓ గుండ్రటి చుక్క. డబ్బు ముడితే ఆకుపచ్చ, ముట్టకపోతే ఎరుపు. ముచ్చటగా ఉందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు కూడా. 'రెండు నెలల్నుంచీ ఎర్ర చుక్కే ఉంది నాన్నా, చూసుకోవద్దూ?' అంది కాస్త విసుగ్గా. అవతల మాట లేదు. ఫోను తల్లి చేతికి మారింది.

'ఆయనకి ఎరుపూ పచ్చా ఒకేలా కనబడతాయే. కుర్రతనంలో రైలింజను ఉద్యోగం అందుకే పోయింది' అందావిడ మెల్లగా. వైద్య పరీక్షలో రంగుచుక్కల పుస్తకం ముందుంచి అంకె చదవమన్నారట. ఆయనకు చుక్కలే తప్ప అంకె కనబడలేదు. కూతురి పెళ్లి అయ్యేదాకా ఆ మాట బయటికి రాకూడదనుకున్నారు. అయ్యాక చెప్పే సందర్భమే రాలేదు. చొక్కా కొనాలన్నా భార్యను వెంటబెట్టుకెళ్లే నాన్న, పండుమిరప కోతకు ఏదో సాకుతో ఎగ్గొట్టే నాన్న... ఆ రాత్రి ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మర్నాడు ఆఫీసులో పేజీలన్నీ నలుపు తెలుపుల్లో ప్రింటు తీసింది. ఆయనకు లోకం నలుపు తెలుపుల్లో కనబడదు, అది వేరే సంగతి. రంగు తీసేస్తే ఏం మిగులుతుందో తేల్చుకోవడానికి మాత్రం ఇదే సులువైన దారి. మిగిలినవి బూడిదరంగు చుక్కలు. పైగా ముగ్గురు గీసిన పేజీలు మూడు తీర్లుగా ఉన్నాయి. ఒకచోట త్రిభుజమంటే 'ఆగండి', ఇంకోచోట అదే త్రిభుజం 'విఫలమైంది'.

'ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?' అన్నాడు మేనేజరు. ఉత్తర ఐరోపా సంతతి మగవాళ్లలో నూటికి ఎనిమిది మంది దాకా ఉంటారు. ఆమె ఆ లెక్క చెప్పి ఊరుకోకుండా, ఓ చికెన్ మసాలా ప్యాకెట్టు బల్లమీద పెట్టింది. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమరంగు చుక్క ఉండేది, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క. 2020 నాటి లేబులింగు నిబంధనల్లో మొదటిదాన్ని త్రిభుజంగా మార్చారు, రంగుల తేడా తెలియనివాళ్ల కోసం. అసలు రంగును మాత్రమే నమ్ముకుంటే ఎప్పుడూ చిక్కే. పురుగుమందు డబ్బామీద ఆకుపచ్చ ఉంటే విషం లేదని కాదు, తక్కువని!

గుర్తులు తేలిగ్గానే కుదిరాయి. డబ్బు ముడితే వలయంలో టిక్కు. ముట్టకపోతే రోడ్డుమీది 'స్టాప్' బోర్డులా ఎనిమిది పలకల్లో ఇంటూ. సమాచారానికి వలయంలో ఇంగ్లిషు ఐ అక్షరం. ఖాతాలో డబ్బు తగ్గి అవతల చేరని బిల్లు దగ్గరే రెండ్రోజులు వాదన సాగింది. విఫలమంటే జనం మళ్లీ కడతారు, అయిందంటే నిశ్చింతగా ఉంటారు. చివరికి ఆశ్చర్యార్థకంతో త్రిభుజం పెట్టి, పక్కన 'ఇంకా తేలలేదు, మళ్లీ కట్టకండి' అని రాశారు. ప్రతి గుర్తు పక్కనా మాట ఉండి తీరాలన్నది ఆమె పట్టు. ప్రతి పేజీలోనూ అవే నాలుగు గుర్తులు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మాస్టారు కొత్త పేజీ తెరిచి, కళ్లజోడు సవరించుకుని, 'టిక్కు... టిక్కు... టిక్కు' అని లెక్కపెట్టుకున్నారు. ఇంకేమీ అనలేదు.

ఈ లోపం తండ్రికుంటే కూతురు ఆ జన్యువును మోసుకునే తీరుతుంది, తనకు కనబడకపోయినా. ఆమెకు పుట్టే కొడుక్కి అది రావడానికీ రాకపోవడానికీ సమాన అవకాశం. ఆమె కొడుక్కి నాలుగేళ్లు. అరుగు మీద బోర్లా పడుకుని మామిడిచెట్టు గీస్తున్నాడు. పక్కనున్న క్రేయాన్ల డబ్బా తీసి చూసిందామె. ఒక్కో క్రేయాను కాగితం మీదా బాల్‌పెన్నుతో, మాస్టారి గుండ్రటి దస్తూరీలో, ఓ అక్షరం ఉంది. ఎరుపుకు 'ఎ', ఆకుపచ్చకు 'ఆ'.