మాది, వాళ్ళది, మనది

ప్రోగ్రామ్ తప్పుగా రాస్తే చెప్పడానికి కంపైలర్ ఉంటుంది. అది వదిలేసినా టెస్టుల్లో దొరుకుతుంది. ఆ ప్రోగ్రామ్‌ని ఎలా వాడాలో చెప్పే కాగితంలో తప్పుంటే మాత్రం పట్టుకునే యంత్రం లేదు. ఎవరో ఒకరు నమ్మి, అందులో ఉన్నట్టే చేసి, నష్టపోయాక తెలుస్తుంది. అందుకే డాక్యుమెంటేషన్ మార్పులు రివ్యూకి వస్తే కోడ్ కంటే నెమ్మదిగా చదవడం నాకు అలవాటు.

ఈమధ్య అలా వచ్చింది, గిట్ మెర్జ్ గురించి మా టీమ్ కొత్తవాళ్ళ కోసం రాసుకున్న గైడ్‌లో ఒక మార్పు. గిట్ తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం మొదలుపెట్టిన పనిముట్టు అది. పదిమంది ఒకే పుస్తకాన్ని ఎవరి ప్రతిలో వాళ్ళు దిద్దుతున్నారనుకోండి. ఒక్కొక్కరి దిద్దుబాటు దారి ఒక బ్రాంచి. వాటిని ఒకచోటికి తెచ్చే కమాండ్ మెర్జ్. వేర్వేరు పేజీలు దిద్దితే గిట్ తనే కలిపేస్తుంది. ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు రకాలుగా మారిస్తే, రెండు పాఠాలనీ గుర్తులు పెట్టి ఒకదాని కింద ఒకటి చూపించి, మీరే తేల్చుకోండి అంటుంది. అదే కాన్‌ఫ్లిక్ట్.

మార్పు పంపింది టీమ్‌లో చేరి ఏడాది నిండని కుర్రాడు. గైడ్ చాంతాడంత ఉందని సగానికి కోశాడు. చాలావరకు మంచి కోతే. రెండుచోట్ల మాత్రం ఆగిపోయాను.

మొదటిది, మొదలైన మెర్జ్‌ని మధ్యలో ఆపే ‘అబార్ట్’ ఆప్షన్. అది పాత స్థితికి తీసుకెళ్ళడానికి ప్రయత్నిస్తుంది అని ఉన్నచోట ‘ట్రై’ అన్న మాట కొట్టేశాడు. ఎందుకని అడిగితే, “ప్రయత్నిస్తుంది అంటే రాసినవాళ్ళకే నమ్మకం లేనట్టుంది కదక్కా” అన్నాడు.

నిజమే, నమ్మకం లేదు. చెప్పాల్సిన సంగతే అది. కమిట్ చెయ్యని మార్పులు చేతిలో పెట్టుకుని మెర్జ్ మొదలుపెడితే, కొన్ని సందర్భాల్లో అబార్ట్ ఆ మార్పుల్ని తిరిగి తేలేదు. గిట్ సొంత మాన్యువల్ కూడా ఈ సంగతి దాచదు. ఆ ఒక్క మాట తీసేస్తే వాక్యం బాగుంటుంది, దాన్ని నమ్మినవాళ్ళ రెండు రోజుల పని పోతుంది.

రెండోది ఇంకా చిక్కు. ‘అవర్స్’ అనే మాట గిట్ మెర్జ్‌లో రెండుచోట్ల వస్తుంది. పెద్ద ఎక్స్‌తో ఇస్తే, గొడవపడిన చోట్ల మాత్రమే మన వైపు పాఠం నిలుస్తుంది. గొడవ లేనిచోట అవతలివాళ్ళ మార్పులు మామూలుగానే వస్తాయి. చిన్న ఎస్‌తో ఇస్తే అవతలివాళ్ళ పనిని అసలు చూడనే చూడదు. మొత్తం పక్కన పెట్టేసి, చరిత్రలో మాత్రం కలిపేశాం అని రాసుకుంటుంది. చరిత్రలో కలిసిపోయింది కాబట్టి తర్వాత మళ్ళీ మెర్జ్ చేసినా ఆ పని రాదు. మా కుర్రాడు ఈ రెండింటినీ “మన కోడ్ ఉంచుకోవాలంటే అవర్స్ వాడండి” అని ఒక్క వాక్యంలో ఇమిడ్చాడు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట ఒకావిడ మూడు వారాల పని ఇలాగే మాయమైంది. చరిత్రలో ఆవిడ పేరు, తేదీలు, రాసిన సందేశాలు అన్నీ ఉన్నాయి. ఫైళ్ళలో ఒక్క లైను లేదు. అసలు పని చేశారా అని ఆవిణ్ణి నలుగురి ముందు అడిగారు. ఎక్కడ పోయిందో వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆవిడ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

గైడ్ ఇంగ్లీషులో ఉన్నా మా మాటలు తెలుగులోనే కదా. “నువ్వు రాసిన ‘అవర్స్’ మనది కాదురా, మాది” అన్నాను. ఇంగ్లీషుకి ఉన్నది ఒక్క మాటే. తెలుగులో వినేవాణ్ణి కలుపుకుంటే మన, బయట పెడితే మా. గిట్ చెప్పేది రెండోది. పైగా రీబేస్‌లో ఈ పేర్లు తారుమారవుతాయి. అక్కడ ‘అవర్స్’ అంటే మనం ఏ బ్రాంచి మీదికి మన పనిని మారుస్తున్నామో ఆ వైపు, మన సొంత పని ‘దెయిర్స్’.

వాడు కాసేపు ఆలోచించి, “అయితే మనది ఎక్కడుందక్కా?” అన్నాడు.

“మెర్జ్ సరిగా అయితే వచ్చేది అదే.”

ఒప్పుకున్నాడు గానీ వెంటనే ఇంకో మాట అన్నాడు. “ఇవన్నీ రాస్తే మళ్ళీ చాంతాడే. ఎవరూ చదవరు.” అదీ కాదనలేని మాట. అవసరం పడ్డవాళ్ళు కమాండ్ కాపీ చేసుకుని వెళ్ళిపోతారు, కింద ఉన్న హెచ్చరిక దాకా రారు. కాబట్టి వాడి కోతలన్నీ ఉంచాం. హెచ్చరికల్ని కమాండ్ల కింద నుంచి పైకి తెచ్చాం. ముందు కమిట్ చేసుకోండి అన్నది మొదటి వాక్యమైంది. ‘మన కోడ్’ అన్నచోట ‘మీరిప్పుడున్న బ్రాంచి’ అని మార్చాం. రెండు ‘అవర్స్’లకీ రెండు పేరాలు ఇచ్చి, రెండోదానికి అవతలివాళ్ళ పని పోతుందని విడమరిచి రాశాం. ‘ట్రై’ తన చోటికి తను వచ్చింది.

వచ్చే నెల ఇద్దరు కొత్తవాళ్ళు చేరుతున్నారు. వాళ్ళు గైడ్ మొత్తం చదువుతారన్న ఆశ నాకూ లేదు. కమాండ్ కాపీ చేసుకునే ముందు, దాని పైనున్న ఆ ఒక్క వాక్యం మీద కన్ను పడితే చాలు.