పగిడేరు వేడినీళ్ళు

బాలలూ! నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టడం మీరు చూసే ఉంటారు. మా హుజూరాబాద్‌లో బోరునీళ్ళు కాచే ఇళ్ళలో అది మామూలే. నీటిలో కరిగి ఉన్న సున్నపు పదార్థం వేడికి విడిపోయి గిన్నెకు అంటుకుంటుంది. ఇలాంటి పెచ్చు భూమి లోపల కూడా కడుతుందంటే నమ్ముతారా? అయితే నాతో పగిడేరు రండి.

హుజూరాబాద్ నుంచి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం దాటి, గోదావరి వెంట దిగువకు పోతే మణుగూరు వస్తుంది. మా ఊరి కింద గట్టి గ్రానైటు ఉన్నది. అక్కడ ఉన్నది ఇసుకరాయి. ఇసుక రేణువులు అతుక్కొని ఏర్పడిన రాయి గనుక దాని నిండా సన్నని రంధ్రాలుంటాయి. వాననీరు వాటిలోకి ఇంకి, లోతుకు పోయి, భూమి వేడికి కాగుతుంది. మణుగూరు దగ్గరి పగిడేరులో ఆ వేడినీరు బోర్లలోనుంచి మోటారు లేకుండానే పొంగి వస్తుంది! ఆ వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తు తీసే చిన్న కేంద్రాన్ని 2020 తరువాత సింగరేణి సంస్థ నెలకొల్పింది.

వేడి తీసుకున్నాక నీటిని ఏం చేయాలి? ఊరికే పారబోస్తే భూమిలో నీరు తరిగిపోతుంది. అందుకే ఇలాంటి పెద్ద కేంద్రాలు చాలావాటిలో దాన్ని మరో బోరు ద్వారా తిరిగి రాతిలోకి పంపుతారు. చిక్కంతా ఇక్కడే! వేడినీటిలో సిలికా కరిగి ఉంటుంది. ఇసుకలోనూ గాజులోనూ ఉండేది అదే. సున్నం వేడికి విడిపోతే, సిలికా చల్లదనానికి విడిపోతుంది. చిక్కని పాకం చల్లారితే పటికబెల్లం పలుకులు కట్టదూ? అలాగే సిలికా రాతి రంధ్రాలలో పేరుకొని నీటి దారి మూసివేస్తుంది. ఇక ఆ బోరు నీటిని మింగదు.

దూరాన ఐస్‌లాండు దేశంలో ఈ వింత భూమి పైనే కనిపించింది. అక్కడ స్వార్ట్‌సెంగి విద్యుత్కేంద్రం వాడిన నీటిని 1976లో పక్కనున్న లావారాతి మీదికి వదిలారు. రంధ్రాల రాయి గదా, ఇంకిపోతుందనుకున్నారు. కాని సిలికా తెల్లని బురదగా దిగి రంధ్రాలను పూడ్చివేసింది. నీరు నిలిచి నీలి మడుగైంది!

అందుకే ఇంజనీర్లు నీటిని మరీ చల్లారనీయకుండా తిరిగి పంపుతారు. కొన్నిచోట్ల కొంచెం ఆమ్లం కలుపుతారు.

గిన్నెకు పట్టిన సున్నం చింతపండు పులుపుకు వదులుతుంది. సిలికా అంత సులువుగా వదలదు. పైగా వేల అడుగుల లోతున ఉన్న రాతిని తోమే చెయ్యి ఎవరికున్నది? పగిడేరు వేడి మన మనుమల కాలానికీ అందాలంటే, రాతి రంధ్రాలు మూసుకోకముందే జాగ్రత్త పడాలి.