39 అంకెల ప్రధాన సంఖ్య

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. "ఎమ్మెస్సీ లెక్కలు కూడెడతాయేటిరా?" అని ఊళ్లో అడుగుతారు. కూటి సంగతి డీఎస్సీ రాసి చూసుకుంటాం గాని, లూకా అనే ఫ్రెంచివాడి గురించి చెప్పాలి.

127 రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే 39 అంకెల సంఖ్య వస్తుంది. అది ప్రధాన సంఖ్యేనని ఆయన 1876లో కంప్యూటర్ లేకుండా, కారణాంకాలు వెతక్కుండా తేల్చాడు. 75 ఏళ్లు అదే రికార్డు. తర్వాత లెహ్మర్ ఆ పద్ధతిని సులువు చేశాడు.

తమ్ముళ్లూ, 31తో చేసి చూడండి. అది ఐదు రెళ్ల గుణకారంలోంచి ఒకటి తీసినది. 4ని వర్గం చేసి 2 తీస్తే 14. మళ్లీ చేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. మళ్లీ చేస్తే 62; శేషం సున్నా. ఖాయం!

దీనికి మూడే మెట్లు. 39 అంకెలదానికి 125. శ్రీకాకుళం హాస్టల్లో ట్రంకుపెట్టె మీద లాంగ్ నోట్సు పెట్టుకుని మేం మొదలెట్టాం. పందొమ్మిదో మెట్టు మీదున్నాం.